లూయీ బ్రెయిలీ టీచర్‌గా ఏం చేశారు? జనవరి 4న పిల్లలకు ఆయన గురించి ఏం చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు హైస్కూల్లో సోషల్ చెప్తారు. జనవరి 4న ప్రార్థన సమయంలో లూయీ బ్రెయిలీ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎక్కడ వెతికినా చిన్నప్పుడు కన్ను పోవడం, పదిహేనేళ్లకు చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి కనిపెట్టడం, ఈ రెండే దొరుకుతున్నాయి. ఆ తర్వాత ఆయన జీవితమంతా ఏమైంది, ఆయన నిజంగా టీచరేనా, అయితే ఏం చెప్పేవారు అని మీ సందేహం. మీ ఎనిమిదో తరగతిలో చూపులేని అమ్మాయి ఒకరు ఉన్నారు కాబట్టి, ఆ పిల్ల ముందు ఈ కథ ఎలా చెప్పాలన్న టెన్షన్ కూడా ఉందన్నారు.

నేను చూపులేని పిల్లల బడిలో లెక్కలు, తెలుగు చెప్తాను. నాకూ చిన్నప్పటి నుంచి చూపు లేదు. నా చదువు, ఉద్యోగం, ఇప్పుడు మీకు రాస్తున్న ఈ నాలుగు ముక్కలు, అన్నీ ఆయన చుక్కల మీదే నిలబడ్డాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా జవాబు: అవును, ఆయన వృత్తి టీచరే. 1828లో, పందొమ్మిదేళ్ల వయసులో, తాను చదివిన పారిస్ రాయల్ అంధ బాలల విద్యాసంస్థలోనే సహాయ ఉపాధ్యాయుడిగా చేరారు. 1833లో పూర్తి స్థాయి ఉపాధ్యాయుడయ్యారు. వ్యాకరణం, చరిత్ర, భూగోళం, అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, సంగీతం, అన్నీ చెప్పారు. పదేళ్ల వయసులో అడుగుపెట్టిన సంస్థలోనే చదివి, అందులోనే పాఠాలు చెప్పి, అక్కడే 1852 జనవరి 6న, నలభైమూడో పుట్టినరోజు వెళ్లిన రెండు రోజులకు కన్నుమూశారు. లిపి ఒక్క రోజులో తట్టిన మెరుపేమీ కాదు. తరగతి గదిలో పుట్టింది, అక్కడే మెరుగుపడింది, నిషేధించిన రోజుల్లో అక్కడే బతికి బయటపడింది. పిల్లలకు ఇది చెప్పండి. కన్ను పోయిన కథకు రెండు వాక్యాలు చాలు.

ఆ రెండు వాక్యాలూ నేనే రాసిస్తాను. 1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కూవ్రే అనే పల్లెలో, గుర్రాల జీనులు, పగ్గాలు కుట్టే తోలుపనివాడి ఇంట్లో నాలుగో సంతానంగా పుట్టారు. మూడేళ్లప్పుడు నాన్న పనిగదిలో ఆడుకుంటూ పదునైన పనిముట్టుతో కన్ను పొడుచుకుంటే, ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి, ఐదేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది.

ఇక్కడితో ఆపేసి, వెంటనే ఊరి బడికి వెళ్లండి. ఎందుకంటే మీ స్కూలుకు అసలు సంబంధం ఉన్న ఘట్టం అదే. ఆ ఊరి పూజారి, ఫాదర్ పల్లుయ్, ఆ పిల్లాడిని దగ్గర కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పాడు. తర్వాత ఊరి బడిపంతులు బెషెరేతో మాట్లాడి, మామూలు పిల్లల తరగతిలో చేర్పించాడు. రెండు వందల ఏళ్ల కిందటి పల్లెటూళ్లో, చూపులేని పిల్లాడు చూపున్న పిల్లల పక్కన కూర్చుని విని నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న చెక్క మీద మేకులు కొట్టి అక్షరాల ఆకారాలు చేసి వేళ్లతో తడిమించాడు. చదువు సంగతి తెలిసిన ఊరి పెద్ద, ఒప్పుకున్న పంతులు, చేతి పని తెలిసిన తండ్రి, ముగ్గురూ కలిస్తే ఆ పిల్లాడి చదువు మొదలైంది. మీ బడిలో ఉన్న అమ్మాయికీ కావలసింది ఇలాంటి ముగ్గురే.

1819 ఫిబ్రవరిలో పారిస్ బడికి వచ్చారు. చూపులేని పిల్లల కోసం ప్రపంచంలో తొలి బడి అది. 1780ల్లో వాలెంటిన్ హావీ అనే ఆయన పెట్టాడు. హావీకి చూపు ఉంది, మంచి మనసూ ఉంది. మామూలు అక్షరాలనే తడి కాగితం మీద నొక్కి ఉబ్బెత్తుగా అచ్చు వేస్తే, పిల్లలు తడిమి చదువుకోవచ్చని ఆయన ఆలోచన. చూపున్న మనిషికి అది చాలా సహజంగా తోస్తుంది. వేలికి మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్తాను, ఇది పాఠంలో అసలు ముఖ్యమైన ముక్క.

మా బడికి కొత్తగా వచ్చే పిల్లల్లో కొందరికి ఇంటి దగ్గర చెక్కతో చేసిన తెలుగు అక్షరాలు ఇచ్చి ఉంటారు. అలా వచ్చిన ఒక పిల్లాడి చేతికి ‘ఋ’ ఇచ్చి చూశాను. వేలు పైన మొదలుపెట్టింది, వంపు తిరిగింది, ఒక కొమ్ము దగ్గర ఆగింది, వెనక్కి వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోయి మళ్లీ మొదటికి వెళ్లింది. అక్షరం ఏమిటో చివరికి చెప్పగలిగాడు. కానీ ఒక్క అక్షరానికే అంత సేపు పడితే ఒక వాక్యం ఎప్పటికి పూర్తవుతుంది, పేజీ ఎప్పటికి తిరుగుతుంది? కన్ను గీతను ఒక్క చూపులో మొత్తంగా పట్టుకుంటుంది. వేలు గీత వెంట నడవాలి. అదే చుక్క అయితే వేలు నడవక్కర్లేదు. ఆనగానే తెలుస్తుంది. హావీ పుస్తకాలు చాలా బరువు, చాలా ఖరీదు, ఉన్నవీ చాలా తక్కువ. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఆ పద్ధతిలో పిల్లలు సొంతంగా రాసుకోలేరు. రాయడం లేని చదువు సగం చదువే.

1821లో శార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి చుక్కలతో రాసే ఒక పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. రెండు నిలువు వరుసల్లో, వరుసకు ఆరు చొప్పున, మొత్తం పన్నెండు చుక్కల గడి. అది శబ్దాలను బట్టి రాసేది. అక్షరక్రమం ఉండదు, విరామ చిహ్నాలు ఉండవు, అంకెలు ఉండవు, సంగీతం రాయడానికి వీలు లేదు. గడి పొడుగ్గా ఉండటంతో ఒకే అక్షరానికి వేలిని పైకీ కిందికీ జరపాలి. పన్నెండేళ్ల లూయీ దాన్ని ఇష్టపడ్డాడు, లోపాలూ పట్టుకున్నాడు. గడిని ఆరు చుక్కలకు కుదించాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు. వేలి కొన కింద మొత్తం గడి ఒక్కసారిగా ఇముడుతుంది. 1824కల్లా, అంటే పదిహేనేళ్ల వయసుకు, ముఖ్యమైన రూపం తయారైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ లిపి అమరికను చూపించండి. అందులో టీచరు బుర్ర కనిపిస్తుంది. మొదటి పది అక్షరాలు గడిలో పై నాలుగు చుక్కలతోనే రాస్తారు. రెండో పది అక్షరాలకు మళ్లీ కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. అవే పది గుర్తులకు ఎడమ వరుసలో అడుగున ఒక చుక్క చేరుస్తారు. మూడో పదికి అడుగున రెండు చుక్కలూ చేరుస్తారు. అదే మొదటి పది గుర్తుల ముందు అంకె గుర్తు పెడితే ఒకటి నుంచి సున్నా దాకా అంకెలు అవుతాయి. అంటే పిల్లాడు పది ఆకారాలు గట్టిగా పట్టుకుంటే, మిగతాదంతా దాని మీదే లేస్తుంది. తరగతిలో వెనకబడే పిల్లలతో రోజూ గడిపినవాళ్లకు తప్ప ఇలాంటి ఏర్పాటు తట్టదని నా నమ్మకం. ఆయన ఆ వయసుకే తోటి పిల్లలకు నేర్పుతూ, వాళ్ల వేళ్లకు ఏది అందుతోందో చూస్తూ ఈ పని చేశారు.

తెలుగులోకి ఇది ఎలా వచ్చిందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మన దేశంలో మొదట్లో ఒక్కో భాషకు, ఒక్కోచోట రెండు మూడు రకాల చుక్కల లిపులు నడిచేవి. 1951లో అన్ని భారతీయ భాషలకూ కలిపి ఒకే అమరికగా భారతి బ్రెయిలీ స్థిరపడింది. గడిలో ఎడమ వరుస చుక్కలను పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు అనీ, కుడి వరుసవి నాలుగు, ఐదు, ఆరు అనీ లెక్కపెడతాం. అందులో అ అంటే ఒకటో చుక్క. క అంటే ఒకటి, మూడు. ల అంటే ఒకటి, రెండు, మూడు. మ అంటే ఒకటి, మూడు, నాలుగు. హిందీ పిల్లాడి క, తమిళ పిల్లాడి క, మన క, వేలి కింద ఒకటే. గుణింతానికి వేరే గుర్తులు లేవు. ‘కి’ రాయాలంటే క పక్కన ఇ రాస్తాం. ఒత్తు కింద రాసే పద్ధతీ లేదు. హల్లుకు ముందు నాలుగో చుక్క పెడితే పొల్లు అయినట్టు. కాబట్టి ‘అమ్మ’ అని రాయాలంటే అ, నాలుగో చుక్క, మ, మ. బోర్డు మీద ఈ నాలుగు గడులూ వేసి చూపించండి. పిల్లలు ఐదు నిమిషాల్లో తమ పేర్లు రాయడం మొదలుపెడతారు. నేను మామూలు బడులకు వెళ్లినప్పుడల్లా చేసేది ఇదే, ఒక్కసారీ విఫలం కాలేదు.

ఇప్పుడు ఆయన తరగతి గురించి.

1833లో ముగ్గురు యువకులకు ఒకేసారి ఉపాధ్యాయ పదవి వచ్చింది. లూయీ బ్రెయిలీ, గాబ్రియెల్ గోతియే, ఇపోలిట్ కోల్టా. ముగ్గురూ అదే బడి విద్యార్థులు, ముగ్గురూ చూపులేనివాళ్లు, ముగ్గురూ ప్రాణ స్నేహితులు. బ్రెయిలీ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం కోల్టా రాసిపెట్టిన జ్ఞాపకాల వల్లే. ఆయన తరగతికి వెళ్లడం పిల్లలకు విధిలా కాక సంతోషంగా ఉండేదని కోల్టా రాశాడు. నేను దీన్ని స్నేహితుడి పొగడ్తగా మాత్రమే తీసుకోను. ఎందుకంటే ఆయన చేసిన పనులు ఆ మాటకు తగ్గట్టే ఉన్నాయి.

పిల్లలకు పుస్తకాలు లేవు. కాబట్టి పుస్తకాలు తయారు చేశారు. లిపిని వివరించే ఆయన పుస్తకం 1829లో వచ్చింది. పదాలు, సంగీతం, చర్చి గానం చుక్కలతో రాసే పద్ధతి అందులో ఉంది. విచిత్రమేమిటంటే, ఆ పుస్తకాన్ని హావీ ఉబ్బెత్తు అక్షరాల్లోనే అచ్చు వేయాల్సి వచ్చింది. అప్పటికి చదవగలిగినవాళ్లకు తెలిసిన లిపి అదే మరి. ఆ మొదటి కూర్పులో చుక్కలతో పాటు చిన్న గీతలు కూడా ఉన్నాయి. తరగతిలో వాడి చూస్తే గీతలు చేతికి ఇబ్బందని తేలింది. 1837 కూర్పు నాటికి వాటిని తీసేశారు. ఆ ఏడాదే చుక్కల లిపిలో అచ్చయిన మొదటి పుస్తకం వచ్చింది. అది ఫ్రాన్స్ చరిత్ర, మూడు సంపుటాలు. మరుసటి ఏడాది, 1838లో, మొదలుపెట్టే పిల్లల కోసం అంకగణితం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. లెక్కల టీచరుగా నాకు ఆయన పనుల్లో అతి దగ్గరగా అనిపించేది ఆ చిన్న పుస్తకమే. లిపి కనిపెట్టిన మనిషి కూడికలు, తీసివేతలు చెప్పడానికి పుస్తకం రాయాలని కూర్చున్నాడంటే, ఆయన మనసు ఎక్కడ ఉందో తెలుస్తుంది.

రెండోది, ఉత్తరాల సంగతి. ఇది తక్కువమందికి తెలుసు. చుక్కల లిపితో చూపులేని పిల్లలు ఒకరికొకరు రాసుకోగలిగారు, బాగుంది. మరి ఇంటికి? ఊళ్లో ఉన్న అమ్మకు చుక్కలు చదవడం రాదు. చూపున్న ఎవరో ఒకరిని బతిమాలి చెప్పి రాయించుకోవాలి. మనసులో మాట పరాయి మనిషి నోటితో పంపాలి. హాస్టల్లో పెరిగినవాళ్లెవరికైనా ఆ బాధ తెలుస్తుంది. నా చిన్నప్పుడు మా హాస్టల్లో ఉత్తరాలన్నీ ఒకే అన్న రాసిపెట్టేవాడు. మంచివాడే. అయినా అన్నం బాగోలేదనో, ఇంటి మీద బెంగగా ఉందనో ఆయనతో చెప్పి రాయించడానికి నోరొచ్చేది కాదు. అందరం ‘క్షేమం, క్షేమమని తలుస్తాను’ దగ్గరే ఆగిపోయేవాళ్లం.

బ్రెయిలీ దీనికి దారి వెతికారు. మామూలు అక్షరాల ఆకారాన్నే చుక్కలతో, పది చుక్కల ఎత్తు ఉండే గళ్ల చట్రంలో, లెక్క ప్రకారం పొడిచే పద్ధతి 1839లో ప్రచురించారు. ఎన్నో గడిలో ఎన్ని చుక్కలు పడాలో అంకెల పట్టిక ఉంటుంది. పిల్లాడు ఆ లెక్క గుర్తుపెట్టుకుని పొడిస్తే, చూపున్నవాళ్లకు అది మామూలు అక్షరంలా కనిపిస్తుంది. వేలితో తడిమినా తెలుస్తుంది. అయితే అది చాలా నెమ్మదిగా సాగే పని. అదే బడిలో చదివిన పియెర్ ఫూకో అనే చూపులేని యంత్ర నిపుణుడు ఆయనతో కలిసి, ఆ చుక్కల్ని త్వరగా పొడిచే యంత్రాన్ని 1841 నాటికి తయారు చేశాడు. టైపురైటర్లు బజారులోకి రాకముందు మాట ఇది. చూపులేని ఇద్దరు మనుషులు, చూపున్న ప్రపంచంతో నేరుగా మాట్లాడటానికి యంత్రం చేసుకున్నారు. మీ పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి. లిపి కథకంటే దీనికే ఎక్కువ కదులుతారు.

మూడోది, డబ్బు సంగతి. ఆయన జీతం పెద్దదేమీ కాదు. చర్చిల్లో ఆర్గాన్ వాయించేవారు కాబట్టి కొంత అదనంగా వచ్చేది. ఆయన పోయాక తన సామానులో ఒక చిన్న పెట్టెను తెరవకుండా కాల్చేయమని చెప్పి ఉంచారట. కుతూహలం ఆపుకోలేక తెరిచి చూస్తే, అందులో విద్యార్థులు తీసుకున్న అప్పుల చీటీలు ఉన్నాయని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెప్తారు. తాను పోయాక ఎవరూ వాళ్లను అడగకూడదని అలా చేశారన్నమాట.

ఇక నిషేధం. 1840లో బడి డైరెక్టరు మారాడు. అంతకుముందున్న పిన్యే చుక్కల లిపిని ప్రోత్సహించేవాడు. కొత్తగా వచ్చిన డ్యూఫోకు అది నచ్చలేదు. చూపులేనివాళ్లు చూపున్నవాళ్ల అక్షరాలే చదవాలి, వేరే లిపి పెడితే సమాజం నుంచి విడిపోతారని ఆయన వాదన. చుక్కల లిపిని పక్కన పెట్టి, కొత్త రకం ఉబ్బెత్తు అక్షరాలు తెచ్చాడు. ఆ రోజుల్లో బ్రెయిలీకి ఒంట్లో బాగుండేది కాదు. క్షయ లక్షణాలు 1835 ప్రాంతం నుంచే కనబడుతున్నాయి. సెయింట్ విక్టర్ వీధిలోని ఆ పాత భవనం చెమ్మ పట్టి, ఎండ పొడ తగలకుండా ఉండేది. మధ్యమధ్య కూవ్రే వెళ్లి విశ్రాంతి తీసుకుని వచ్చేవారు.

లిపిని కాపాడింది పిల్లలే. డైరెక్టరు వద్దన్నా వాళ్లు రాసుకోవడం మానలేదు. రాయడం ఒకసారి చేతికి వచ్చిన పిల్లల దగ్గర నుంచి దాన్ని లాక్కోవడం ఎవరి తరమూ కాదు. డ్యూఫో సహాయకుడు జోసెఫ్ గాదే అనే ఆయన ఇది గమనించి, ఆ లిపి విలువ గ్రహించి, డైరెక్టరును ఒప్పించాడు. 1844 ఫిబ్రవరి 22న కొత్త భవనం ప్రారంభోత్సవంలో, అందరి ముందూ ఒక పిల్లాడి చేత చెప్పింది రాయించి, ఆ సమయంలో అక్కడ లేని ఇంకొకరి చేత చదివించారు. అక్కడితో అనుమానం తీరింది. వద్దన్న డ్యూఫో హయాంలోనే లిపి మళ్లీ బడిలోకి వచ్చింది.

మాట్లాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ‘గుర్తింపు లేకుండానే చనిపోయాడు’ అని చాలామంది చెప్తారు. పూర్తిగా నిజం కాదు. 1844 నాటి ప్రదర్శన ఆయన బతికుండగానే జరిగింది. ఫ్రాన్స్‌లో అధికారిక ఆమోదం మాత్రం ఆయన పోయిన రెండేళ్లకు, 1854లో వచ్చింది. ‘బార్బియే పద్ధతిని నెపోలియన్ సైన్యం కోసం చేయించాడు’ అని కూడా వింటుంటాం. బార్బియే సైన్యంలో పనిచేశాడు, అంతవరకే నిజం. నెపోలియన్ కోరాడనడానికి ఆధారం లేదు కాబట్టి వదిలేయండి. బార్బియే ఆలోచనను బ్రెయిలీ దొంగిలించారని కూడా కొందరు అంటారు. అదీ అన్యాయమే. తన ఆలోచనకు మూలం బార్బియే పద్ధతేనని బ్రెయిలీ తన పుస్తకంలోనే గౌరవంగా రాశారు. 1952లో, నూరో వర్ధంతికి, ఆయన అవశేషాలను పారిస్‌లో ఫ్రాన్స్ మహనీయుల సమాధి మందిరమైన పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం సొంత ఊరు కూవ్రేలోనే ఉంచారు. పిల్లల వయసును బట్టి ఈ ముక్క చెప్పాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. జనవరి 4ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ బ్రెయిలీ దినంగా 2019 నుంచి జరుపుతోంది. మన దేశంలో ద్విశత జయంతి సందర్భంగా 2009లో ఆయన బొమ్మతో రెండు రూపాయల నాణెం వచ్చింది. మీ ఇంట్లో చిల్లర డబ్బా వెతికితే దొరకొచ్చు. దొరికితే తరగతిలో చేతులు మార్చండి.

ఇప్పుడు ఫోన్లు మాట్లాడుతున్నాయి కదా, ఇంకా ఈ చుక్కలెందుకు అని మీ తోటి టీచర్లు అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. నా జవాబు నా తరగతి నుంచే చెప్తాను.

ఏడో తరగతి దాకా అంతా విని చదువుకున్న ఒక అమ్మాయి మా బడికి వచ్చింది. చురుకైన పిల్ల. ఏ ప్రశ్న అడిగినా నోటితో టకటకా చెప్పేది. తెలుగు రాయమంటే శ, ష, స మూడూ ఒకటే. ‘కళ’, ‘కల’ తేడా తెలియదు. ‘సంస్కృతి’ అనే మాట వందసార్లు విని ఉంటుంది, అందులో ఏయే అక్షరాలున్నాయో ఎప్పుడూ వేలికి తగల్లేదు. చూపున్న పిల్లలు రోజుకు వెయ్యిసార్లు బోర్డుల మీద, బస్సుల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద అక్షరాలు చూస్తారు. తప్పు రాస్తే కంటికే ఏదో తేడాగా అనిపిస్తుంది. ఈ పిల్లకు ఆ అవకాశం వేలి ద్వారానే రావాలి. బ్రెయిలీ మొదలుపెట్టాక ఆ అమ్మాయి ఒక్కో మాట దగ్గర ఆగి ‘ఇందులో ష ఉందా సార్!’ అని ఆశ్చర్యపోయేది. ఏడాది తిరిగేసరికి తన పేరు మీద కథ రాసి గోడపత్రికకు ఇచ్చింది.

లెక్కల్లో ఇంకా కష్టం. ‘ఎ ప్లస్ బి స్క్వేర్’ అని చెవికి వినిపిస్తే, వర్గం బి ఒక్కదానికా, మొత్తానికా? చెప్పేవాళ్లు ‘హోల్ స్క్వేర్’ అంటారు సరే, భిన్నాలు, బ్రాకెట్లు నాలుగు వరుసల దాకా వెళ్లాక ఏ చెవీ పట్టుకోలేదు. సమీకరణాన్ని చేతి కింద పెట్టుకుని, వెనక్కి వెళ్లి, ముందుకు వచ్చి చూసుకోవాలి. బ్రెయిలీ బీజగణితం చెప్పిన మనిషి. ఆయన లిపిలో అంకెలకు ఇచ్చిన చోటు చూస్తే, ఇది ఆయనకు ఎప్పుడో తెలుసనిపిస్తుంది. నేను ఫోన్ వాడతాను, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడతాను, పిల్లల చేతా వాడిస్తాను. వినడం వేరు, చదవడం వేరు. రెండూ ఉండాలి. ఒకదాని పేరు చెప్పి రెండోది తీసేయడం, డ్యూఫో మంచి ఉద్దేశంతో చేసిన పని లాంటిదే.

చివరగా మీ విద్యార్థిని సంగతి.

ముందు రోజే ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడగండి. రేపు ఫలానా విషయం మాట్లాడుతున్నాను, నీకు ఏమైనా చెప్పాలని ఉందా, లేక మామూలుగా వింటావా అని. వద్దంటే వద్దు. చిన్నప్పుడు ఇలాంటి రోజుల్లో నన్ను స్టేజీ ఎక్కించి, ‘ఈ బాబును చూసి మీరంతా నేర్చుకోవాలి’ అనేవారు. చప్పట్లు మోగేవి. దిగొచ్చాక ఎవరూ నాతో ఆడుకునేవాళ్లు కాదు. ఆదర్శంగా చూపించిన పిల్లాడితో కబడ్డీ ఆడాలని ఎవరికి అనిపిస్తుంది?

చెప్తానంటే మాత్రం, బ్రెయిలీ స్లేటు (కాగితం బిగించే గళ్ల చట్రం), స్టైలస్ (చుక్కలు పొడిచే మొనదేలిన పనిముట్టు) తెచ్చి రాసి చూపించమనండి. స్లేటు మీద కాగితం వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి, అక్షరాలు అద్దంలోలా తిరగేసి పొడవాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. మీ తరగతిలో ఫస్ట్ వచ్చే పిల్లాడిని పిలిచి ఒక మాట అలా రాయమనండి. తడబడతాడు. అప్పుడు ఆ అమ్మాయి పక్కన కూర్చుని నేర్పుతుంది. ఆ కాసేపు టీచరు ఆమె. బ్రెయిలీ రోజున ఆ బడిలో జరగాల్సింది అదేనని నాకనిపిస్తుంది.

‘పాపం’, ‘చీకటి’, ‘దేవుడు అన్యాయం చేశాడు’ లాంటి మాటలు పూర్తిగా మానేయండి. ఆ అమ్మాయి ఉన్నా లేకున్నా. తోలుపనివాడి కొడుకు, టీచరు, పుస్తకాలు రాసినవాడు, ఆర్గాన్ వాయించేవాడు, స్నేహితులకు ఇష్టమైనవాడు, విద్యార్థులకు అప్పిచ్చి అడగనివాడు. చెప్పడానికి ఇంత ఉంది, పది నిమిషాలు సరిపోవు.

ఇంకొక విషయం కూడా కనుక్కోండి. ఆ అమ్మాయికి బ్రెయిలీ పాఠ్యపుస్తకాలు అందాయా, వాటిని వాడుతోందా, లేక పక్క పిల్లలు చదివి వినిపిస్తుంటే నెట్టుకొస్తోందా? అందకపోతే మీ మండలంలో సమ్మిళిత విద్య చూసే రిసోర్స్ టీచరును అడగండి, హెచ్ఎం గారి చేత రాతపూర్వకంగా అడిగించండి. నోటి మాటగా అడిగితే ఏళ్లు గడుస్తాయి. స్లేటు, మందపాటి బ్రెయిలీ కాగితం కూడా అదే ఉత్తరంలో రాయండి. ఎనిమిదో తరగతిలో ఉంది కాబట్టి పదో తరగతి పరీక్షలకు రెండేళ్లే సమయం. ఆమెకు బ్రెయిలీ అసలు రాదని తేలితే కంగారు పడకండి, ఈ వయసులోనూ నేర్చుకోవచ్చు. అయితే వేసవి సెలవులు పోనివ్వకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి. మొదట అ, క, ల, మ నాలుగూ చాలు. వాటితో ‘కల’, ‘కమల’ దాకా వెళ్లొచ్చు. సున్నా గుర్తు, మిగతా అక్షరాల వరుస ఎలా నేర్పాలో కావాలంటే అడగండి, వివరంగా రాస్తాను.